ఐదో లేన్‌లో ఏడుగురు

అక్రానెస్‌లో జనవరి అంటే
పదకొండు కొడితే గానీ తెల్లవారదు.
ఐదున్నరకి నేను కొలను మీది పట్టా చుట్టేసరికి
భూమి కడుపులోంచి వచ్చిన వేడినీళ్ళు
గడ్డకట్టిన గాలిని తాకి
నిలువెత్తు ఆవిరి లేపుతాయి.
ఇక పిల్లలు కనబడరు.
వినబడతారు.

స్నానాల గది తలుపు,
మంచు మీద ఉత్తకాళ్ళ పరుగు,
ఒక కేక, ఒక తిట్టు
(తిట్టు మాత్రం నాకు వినబడదు),
తర్వాత వరసగా బుడుంగు, బుడుంగు.

ముప్పై ఏళ్ళుగా ఈ గట్టు మీదే నడక.
కాళ్ళు కొట్టే చప్పుడు వింటే పేరు చెప్పేస్తాను.
ఎర్లింగుర్‌ది అప్పులవాడు తలుపు బాదినట్టుంటుంది.
స్వాన్‌లోయ్గ్‌ది చాటతో చెరిగినంత మెత్తన.
వాళ్ళన్న హాల్వర్దుర్‌ది
మూడు దెబ్బలు, ఒక తడబాటు.
మూడు దెబ్బలు, ఒక తడబాటు.
కుడి మడమ. రెండేళ్ళుగా దిద్దుతున్నాను.

నడవాలో తెల్లబోర్డు.
పఫిన్లు, సీళ్ళు, ఓర్కాలు: మూడు నిలువు గళ్ళు.
ఒక్కో పేరుకి ఒక్కో అయస్కాంతం బిళ్ళ.
ఏడాదికి రెండుసార్లు బిళ్ళలు జరుపుతాను.
నేను చేసేది అంతే,
వేలితో ఒక జానెడు దూరం.
ఆ జానెడు కోసం ఒక తల్లి ఫోటో తీసుకుంటుంది,
ఒక తండ్రి కారు దిగకుండానే ఫోన్ చేసి
"గ్రోవా, మావాడి సంగతేంటి?" అంటాడు.

ఓర్కాల్లోకి రావాలంటే రెండువందల మీటర్లు
రెండు నిమిషాల ఇరవై సెకన్లలో రావాలి.
హాల్వర్దుర్‌కి సెకనులో నలభై ఒక్క వందోవంతులు ఎక్కువైంది.
రెప్పపాటు అంటాం చూడండి,
దాదాపు అంతే.
వాడికి పద్నాలుగు. చెల్లెలికి పన్నెండు.
చెల్లెలి బిళ్ళ జరిగింది.
వాడు బోర్డు చూశాడు, ఉన్నిటోపీ చెవుల దాకా లాక్కున్నాడు,
ఆమె సంచీ కూడా తనే భుజాన వేసుకున్నాడు.
"పైకెళ్ళింది కదా, బరువు పెరిగింది" అన్నాడు.

మంగళవారం. ఓర్కాలకి పది వందలు,
ఒక్కోటి నిమిషంన్నర చొప్పున, మనిషికీ మనిషికీ ఐదు సెకన్ల ఎడం.
ఆవిరిలో గడియారం ఎర్రముల్లు ఒక్కటే కనిపిస్తుంది.
పో, అన్నాను.
పో.
పో.
ఆరుసార్లు అని నోరు మూసుకున్నాను.
గోడని తన్నిన చప్పుడు
ఏడోది వినబడింది.
మూడు దెబ్బలు, ఒక తడబాటు.

విజిల్ మెడలోనే ఉంది.
నియమం కూడా నేను రాసిందే.
చివరివాడికి ముందువాళ్ళు చీల్చిన నీళ్ళు దొరుకుతాయి,
వాడికి సులువు, అంటారు.
ఎవరంటారు?
గట్టు మీద నిలబడ్డవాళ్ళు.

నాలుగో వందకి ఎడం పెరిగింది.
ఐదోదానికి వాడికి దక్కిన విశ్రాంతి
గోడని ముట్టుకోవడం, అంతే.
"ఉన్నావా?" అని చెల్లెలి గొంతు.
జవాబుగా ఊపిరి. అది కూడా సగమే.

ఆరోది అయింది.
ఏడోదానికి ఆరుగుర్నీ పంపించి
ఎర్రముల్లుని ఇంకో ఐదు గీతలు నడవనిచ్చి
ఎవరూ కనబడని తెల్లదనంలోకి
పో, అన్నాను.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.
తర్వాత తన్నాడు.

ఆరున్నరకి సీళ్ళ వంతు.
మూడో లేన్‌లో, బిళ్ళ ఎక్కడుందో అక్కడే,
ఎప్పట్లాగే అందరికంటే ముందు నిలబడ్డాడు.
చేతులు ఉడికిన సేమ్యాలా ఉండి ఉంటాయి.
రెండో వందకే వెనకున్న పిల్ల వాడి పాదం లాగి
"జరుగు, పీతకూడా నీకంటే నయం" అని అరిచింది.
జరిగాడు.
నవ్వాడో లేదో ఆవిరి చెప్పలేదు.

ఇంటికి వెళ్తూ బోర్డు దగ్గర ఆగాను.
బిళ్ళని ముట్టుకోలేదు.
నోటుపుస్తకంలో ఆ రోజు తేదీ కింద
ఐదో లేన్ ఎదురుగా ఆరు అని ఉంటే
ఏడు అని దిద్దాను.
పెన్సిలుతోనే.